సున్నాకి సున్నా సరిపోయిన రోజు

ఆ రోజు సర్వర్ గదిలో ఉన్న మనుషులు ముగ్గురు: నేను, మా ఐటీ ఇన్‌చార్జి మేడమ్, లారీ యార్డులో టోకెన్ల కంప్యూటర్ చూసే పెద్దాయన. గొంతు మాత్రమే హాజరైన మనిషి ఒకరు: హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి ప్రాజెక్టు లీడ్, స్పీకర్ ఫోన్‌లో. ఉన్న వస్తువులు: పాత సర్వర్లు మూడు, కొత్తవి రెండు, చల్లదనం కంటే చప్పుడు ఎక్కువ చేసే ఏసీ ఒకటి, మేడమ్ తెచ్చిన పులిహోర డబ్బా, పెద్దాయన టీ ఫ్లాస్కు. పాత సర్వర్ల లోపల వర్చువల్ మెషీన్లు నలభై ఒకటి. బయట యార్డులో లారీలు ఉన్నాయి, వాటి పక్కన డ్రైవర్లు లేరు. టైర్ల ముందు తొక్కడానికి పెట్టిన నిమ్మకాయలు ఉన్నాయి. అమావాస్య.

ఇది రాయమని అడిగింది ఈ ఏడాది ఉద్యోగాలకి వెళ్తున్న నా విద్యార్థులు. నందిగామలో ఒక మేడ మీద నేను వాళ్ళకి నెట్‌వర్కింగ్ చెబుతుంటాను. "మీ ఉద్యోగంలో మర్చిపోలేని కేసు ఒకటి రాయండి సార్" అన్నారు. ఇలాంటివి మామూలుగా రిటైరైనవాళ్ళు రాస్తారు. నాకింకా ఆ వయసు రాలేదు. కానీ ఆ పని నుంచి మాత్రం రిటైరయ్యాను, కాబట్టి రాసే అర్హత ఉందనుకుంటున్నాను. పేర్లు రాయను. జగ్గయ్యపేట చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలు ఒకటో రెండో కాదు. మాది ఏదని వెతక్కండి.

ముందు పని సంగతి, అవసరమైనంత వరకే. వర్చువల్ మెషీన్ అంటే ఒక పెద్ద సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన కంప్యూటర్. ఒక అపార్టుమెంటులో ఫ్లాట్ల లాగా ఒక్కో సర్వర్‌లో పది పదిహేను ఉంటాయి. మా దగ్గర జీతాలది ఒకటి, స్టోర్సుది ఒకటి, కాటాలది ఒకటి, లారీ సీరియల్‌ది ఒకటి, ఇలా. ప్రతిదానికీ బయటితో మాట్లాడటానికి తలుపులుంటాయి. వాటినే నెట్‌వర్క్ అడాప్టర్లంటాం. చాలా మెషీన్లకి ఒకటే తలుపు. కొన్నిటికి రెండు. లారీ సీరియల్ మెషీన్‌కి మాత్రం మూడు: ఒకటి ఆఫీసు వైపు, ఒకటి యార్డు వైపు, ఒకటి నకళ్ళు దాచే బ్యాకప్ పెట్టె వైపు.

పాత సాఫ్ట్‌వేర్ లైసెన్సు ధర పెరిగిందని, వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి మారమని హెడ్డాఫీసు ఆర్డరేసింది. నలభై ఒక్క కాపురాలనీ పాత ఇంట్లోంచి కొత్త ఇంట్లోకి మార్చాలి. చేత్తో మారిస్తే ఎప్పటికీ తెమలదు. అందుకని స్క్రిప్టు, అంటే కంప్యూటర్‌కి వరసగా రాసిచ్చే ఆదేశాలు. ఒక్కో మెషీన్ వివరాలు చదవడం, ఆపడం, డిస్కు మార్చడం, కొత్త వైపు లేపడం, తలుపులు బిగించడం, సరిగా ఉందో లేదో చూడడం, తరువాతి దానికి వెళ్ళడం. రాసింది నేను.

తలుపుల దగ్గరే ఒక మెలిక. ప్రతి అడాప్టర్‌కీ పుట్టుకతో వచ్చే నంబరొకటి ఉంటుంది. నా మొదటి స్క్రిప్టు ఆ నంబరు చూసే ఏ తలుపు ఎటో గుర్తుపట్టేది. హెడ్డాఫీసు ఒప్పుకోలేదు. పాత మెషీన్లని కొన్నాళ్ళు అలాగే ఉంచుతారట, ఒకే నంబరుతో రెండుంటే గొడవట, కొత్తవాటికి కొత్త నంబర్లే ఇవ్వాలని రూలు. న్యాయమైన రూలే. అప్పుడిక గుర్తుపట్టడానికి మిగిలింది వరస ఒక్కటే. అటు మొదటిది ఇటు మొదటిది, అటు రెండోది ఇటు రెండోది. రెండు తలుపుల మెషీన్లని ముందే ప్రయోగం చేసి చూశాం, అన్నీ సరిగ్గా వచ్చాయి. మూడు తలుపులది ప్రయోగం చేయలేదు. అలాంటిది ఒకటే ఉంది. అది ఆగితే గేటు ఆగుతుంది.

ఇక పెద్దాయన గురించి. జగ్గయ్యపేట ముస్లిం కుటుంబం. డ్రైవర్లు సాయిబు గారనేవాళ్ళు, నేను బాబాయ్ అనేవాణ్ణి. ఫ్యాక్టరీ పెట్టిన కొత్తల్లో యార్డులో కాగితం టోకెన్లు రాసే పనికి చేరాడు. కాంట్రాక్టర్లు మారారు, ఆయన మారలేదు. వచ్చిన ప్రతి కొత్త కాంట్రాక్టరూ యార్డు గదిలో కుర్చీతో పాటు ఆయన్ని కూడా అప్పగింతలో తీసుకునేవాడు.

సిమెంటు లోడుకి వచ్చిన లారీకి యార్డులో సీరియల్ నంబరిస్తారు. ముందు నంబరైతే ఇవాళే లోడు, ఇవాళే కిరాయి. వెనక నంబరైతే లారీ కింద చాప, కిరసనాయిలు స్టవ్వు, ఎదురుచూపు. కాగితం రోజుల్లో ఎవరో నంబర్లు అమ్ముకున్నారట. ఎవరన్నది తేలలేదు. తేలలేదు కాబట్టి టోకెన్లు రాసే అందరి మీదా అనుమానం మిగిలింది, ఆయన మీద కూడా. ఆ తరవాత కంప్యూటర్ వచ్చింది: సర్వర్‌లోని సీరియల్ మెషీన్ నంబరు పంపితే యార్డు గదిలో టోకెన్ మెషీన్ అచ్చేస్తుంది. అనుమానం పోయింది గానీ ఆయనకొక పట్టింపు మిగిలింది: ఒక్క నంబరు కూడా ఊరికే పోకూడదు. మెషీన్‌లో కాగితం ఇరుక్కుని టోకెన్ చిరిగితే ఆ ముక్కలు ఏరి, గదిలో గోడకి అంటించేవాడు. ఎవరైనా వచ్చి "ఆ నంబరు లారీ ఏదండీ" అంటే వేలితో గోడ చూపించేవాడు. ఏళ్ళ తరబడి పోగైన చిరుగుటోకెన్లు, ఆఖరికి కిటికీ చుట్టూ కూడా అల్లుకున్నాయి.

ఇంకొకటి. టోకెన్ మెషీన్ స్విచ్ వేయగానే అది తనంతట తానే ఒక టోకెన్ బయటికి తోస్తుంది. దాని తయారీయే అంత. అందుకని బాబాయ్ పొద్దున్నే గది తాళం తీసినా స్విచ్ వేసేవాడు కాదు. మొదటి లారీ వచ్చి గీత మీద నిలబడాలి, డ్రైవరు దిగాలి, అప్పుడు వేసేవాడు. తోసిన టోకెన్ ఆ డ్రైవరు చేతిలో పడేది. లారీ నిలబడకుండా యార్డు గదికి కరెంటు రావడం నేనెప్పుడూ చూడలేదు.

ఆయనకొక కోరిక ఉండేది. మా క్యాంటీన్‌లో పర్మినెంట్ వాళ్ళకి పచ్చ కూపను, కాంట్రాక్టు వాళ్ళకి తెల్ల కూపను. పచ్చ కూపనుకి ఫ్యాన్ కింద బల్ల, భోజనంలో గుడ్డు.

"గుడ్డేగా బాబాయ్, బజార్లో కొనుక్కుంటే పోద్దిగా" అన్నాను ఒకసారి.

"బజార్లో గుడ్డు కోడి పెడుద్ది నాయనా. ఈ గుడ్డు కంపెనీ పెట్టాల."

నవ్వుతూనే అన్నాడు గానీ, అది గుడ్డు సంగతి కాదని నాకు తెలుసు. పర్మినెంట్ చేయడానికి వయసు హద్దు ఒకటుంది. ఆయనకి అదే ఆఖరి ఏడాది. డిస్పాచ్ మేనేజర్ మాటిచ్చాడు: "గేటు ఆక్కుండా ఈ సర్వర్ల మార్పిడి అయిపోనీ, మీ ఫైలు మీద సంతకం పెడతా. హెడ్డాఫీసుకి చూపించడానికి నాకో కారణం కావాలి కదా, ఇదే కారణం." ఆ మాట ఆయన నాకు మూడుసార్లు చెప్పాడు, ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టే.

మార్పిడి ఏ రోజు పెట్టాలన్నది ఫోన్ మీటింగులో తేలింది. లీడ్ ఆదివారం అన్నాడు.

"సిమెంటుకి ఆదివారం లేదండి" అన్నాడు బాబాయ్. "అమావాస్యకి పెట్టుకోండి. ఆ రోజు ఏ బండీ కదల్దు. టోకెను తియ్యం, లోడు ఎత్తం. యార్డు గదికి తాళమే."

లీడ్ అడిగాడు: "అమావాస్యా? ఇంకా అవన్నీ ఫాలో అవుతారా మీ దగ్గర?"

"నాకు అమావాస్యా లేదు, పౌర్ణమీ లేదండి. లారీకుంది."

మేడమ్ ఫోన్ మ్యూట్ చేసి అంది: "అమావాస్య నాడు సర్వర్లు మారుస్తున్నామని మా అత్తగారికి మాత్రం చెప్పకండి. మైలవరంలో గడప దాటనివ్వదు నన్ను."

లీడ్‌కి ఆలోచన నచ్చింది. పగటిపూటే పని, రాత్రి మేలుకోనక్కర్లేదు, గేటు ఆగిందన్న మాటే రాదు. ప్రణాళికలో ఆ తేదీ ఎదురుగా 'రద్దీ తక్కువ రోజు' అని రాసుకున్నాడు. నాకూ నచ్చింది. మా ఊళ్ళో చాదస్తం వల్ల ఒక ఇంజనీరుకి మేలు జరగడం అదే మొదటిసారి అనుకున్నాను.

నేను స్క్రిప్టులో ఒక పరీక్ష పెట్టాను. మెషీన్‌ని కదిలించే ముందు, ఒక్కో తలుపు అవతల ఎన్ని పరికరాలు పలుకుతున్నాయో లెక్క పెడుతుంది. కొత్త వైపు లేపాక మళ్ళీ లెక్క పెడుతుంది. రెండు లెక్కలూ సరిపోతే తెర మీద పచ్చ వరస. తేడా వస్తే ఎర్ర వరస, స్క్రిప్టు అక్కడే ఆగుతుంది. మంచి పరీక్ష. దాని గురించి మేడమ్ దగ్గర గొప్పలు కూడా పోయాను.

అమావాస్య పొద్దున మొదలుపెట్టాం. వరస మీద వరస పచ్చగా వస్తోంది. పులిహోర అయిపోయింది. బాబాయ్‌కి మా గదిలో పనేమీ లేదు. తన లారీ సీరియల్ మెషీన్ కదిలేటప్పుడు దగ్గరుండాలని వచ్చి, స్టూలు మీద కూర్చుని, ఆ పచ్చ వరసల్ని లారీలు లెక్కపెట్టినట్టు లెక్కపెడుతున్నాడు. లారీ సీరియల్‌ది ఆఖరున ఉంచాను. మధ్యాహ్నం దాటాక దాని వంతు వచ్చింది. కొత్త వైపు లేచింది. లెక్కలు తెర మీదికి వచ్చాయి.

ఆఫీసు తలుపు: ముందు పద్నాలుగు, తరువాత పద్నాలుగు.

యార్డు తలుపు: ముందు సున్నా, తరువాత సున్నా.

బ్యాకప్ తలుపు: ముందు సున్నా, తరువాత సున్నా.

యార్డు గదికి తాళం ఉంది, కరెంటు లేదు, కాబట్టి సున్నా. బ్యాకప్ పెట్టెని కొత్త ర్యాకులోకి మార్చడానికి పొద్దున్నే ఆపేశాం, కాబట్టి అదీ సున్నా. సున్నాకి సున్నా సమానం. పచ్చ వరస.

"గ్రీనేనా?" అన్నాడు లీడ్.

"గ్రీనే సార్. కానీ యార్డు వైపు ఎవరూ పలకట్లేదు, ఇవాళ కట్టేసుంది. ఒక్కసారి టోకెన్ మెషీన్ ఆన్ చేసి చూస్తే..." అంటూ బాబాయ్ వైపు చూశాను.

ఆయన స్టూలు మీంచి లేచాడు. "ఉత్త టోకెను బయటికొస్తది బాబూ."

"ఒక్కటేగా."

"ఒక్కటే. రేపు పొద్దున మొదటి బండోడు చూసుకుంటాడు. నిన్నటిదాకా నడిచిన నంబరుకి, నా నంబరుకి మధ్యలో ఒకటి లేదేంటి సాయిబూ అంటాడు. అమావాస్య నాడు ఎవరికిచ్చావు, ఏ బండి తిరిగింది అంటాడు. ఏం చెప్పాలి?"

"టెస్టింగని చెప్పు. చించి గోడకి అంటించు."

"చిరిగింది వేరు, చించింది వేరు నాయనా. చిరిగిందాన్ని నేను గోడకి పెడతా. నా చేత్తో చించి గోడకి పెడితే, ఇప్పటిదాకా పెట్టినవాటికి కూడా విలవ పోద్ది."

మేడమ్ మా ఇద్దర్నీ చూసింది. "ఇంకో రోజైతే నేనూ పట్టుబట్టేదాన్ని. ఇవాళ ఏ బండీ లేదుగా. రేపు పొద్దున మొదటి లారీకి స్విచ్ వేస్తారు కదా, అప్పుడు తెలుస్తుంది. తేడా వస్తే సరిచేద్దాం."

"గ్రీన్ ఉంటే గ్రీనే. క్లోజ్ చేయండి" అన్నాడు లీడ్. క్లోజ్ చేశాం.

తప్పెవరిదని మీరడుగుతారు. ఇన్నాళ్ళూ నన్ను నేనూ అదే అడుగుతున్నాను. హెడ్డాఫీసు రూలు న్యాయమైనదే. రోజు ఎంపిక తెలివైనదే. పరీక్ష మంచిదే. పెద్దాయన మాట నిజమే, మేడమ్ మాటా సబబే. అందరం సరైన పనులే చేశాం. అన్నీ కలిపితే వచ్చింది మర్నాటి పొద్దు.

అమావాస్య దాటిన పాడ్యమి నాడు మా రోడ్డు మీదికి ఎన్ని లారీలొస్తాయో చూడనివాళ్ళకి చెప్పడం కష్టం. ముందు రోజు కదలనివన్నీ ఒక్కసారే కదులుతాయి. హైవే మీద మలుపు నుంచి యార్డు దాకా హారన్లూ అగరుబత్తుల పొగా. ఆ రోజు బోణీ లారీ యజమానుల సంఘం ప్రెసిడెంటుది. ఆయన కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, తన చేత్తో స్విచ్ వేస్తాడు. మామూలుగా బాబాయ్ పక్కనే నిలబడి, వచ్చిన నంబరు చూసి, "సరిగ్గా ఉంది, కానివ్వండి" అంటాడు. ఆ పొద్దున మాత్రం డిస్పాచ్ మేనేజర్ నుంచి ఫోనొచ్చింది: పర్మినెంట్ ఫైలు బయటికి తీశాను, ఆధార్ కాగితాలు తీసుకుని వచ్చి సంతకాలు పెట్టి పో, నేను మళ్ళీ హైదరాబాద్ వెళ్ళిపోతున్నాను అని. ఆయన తాళంచెవి ప్రెసిడెంటు చేతిలో పెట్టి ఆఫీసుకి వెళ్ళాడు. నేను సర్వర్ గదిలో ఉన్నాను. "మెషీన్ బానే పనిచేస్తోందయ్యా, టోకెన్లు దిగుతున్నయ్" అని ప్రెసిడెంటే ఫోన్ చేసి చెప్పాడు. మేడమ్‌కి బొటనవేలు పైకెత్తి చూపించాను.

టోకెన్లు దిగుతున్నాయి నిజమే. సీరియల్ మెషీన్‌కి రెండో తలుపూ మూడో తలుపూ తారుమారయ్యాయి. యార్డు చిరునామా బ్యాకప్ వైపుకి, బ్యాకప్ చిరునామా యార్డు వైపుకి పోయాయి. రెండు తలుపులున్నప్పుడు తప్పని వరస మూడు ఉన్నప్పుడు తప్పింది. టోకెన్ మెషీన్ సర్వర్‌ని పిలిచింది, జవాబు లేదు. అలాంటప్పుడు యార్డు ఆగిపోకూడదని దాన్ని తయారుచేసినవాళ్ళు ఒక ఉపకారం చేసిపెట్టారు. సర్వర్ పలక్కపోతే, తన దగ్గర ఆఖరున దాచుకున్న నంబరు నుంచి అదే లెక్క సాగిస్తుంది. అది దాచుకున్న నంబరు కొన్ని రోజుల నాటిది. అంటే, అప్పటికే ఒక లారీ చేతిలో ఉన్న నంబర్లని మళ్ళీ కొత్త లారీలకి ఇస్తూ పోయింది. ఒకే కాగితం, ఒకే ముద్ర, ఒకే నంబరు.

గేటు దగ్గర ఏడువందల డెబ్బై ఒకటి అని పిలిచేదాకా ఎవరికీ తెలియలేదు. రెండు లారీలు కదిలాయి.

నేను వెళ్ళేసరికి రెండు బంపర్లూ దాదాపు ఆనుకుని ఉన్నాయి. కోదాడ వైపు డ్రైవరొకడు టోకెన్ పైకెత్తి పట్టుకున్నాడు.

"ఏందన్నా గిది? అమావాస్యకి ముందొచ్చి ఈడ పండుకున్న. నా నంబరు నీకెట్ల వచ్చింది?"

"నాకేం తెలుసయ్యా" అన్నాడు రెండో అతను, జి.కొండూరు మనిషి. "మెషీన్ దగ్గర నిలబడ్డా, ఇచ్చింది, తీసుకున్నా. నేనేమన్నా అచ్చేసుకున్నానా?"

"ఊకె రావు నంబర్లు."

"ఊరికే రావనేగా నేనూ అంటున్నా" అన్నాడు వెనక నుంచి తెల్లగడ్డం డ్రైవరొకడు. "పాత రోజులు మళ్ళీ వచ్చినయ్. సాయిబు గారేడీ?"

"ఆఫీసులో ఉన్నాడంట."

"చూశారా? పాడ్యమి పొద్దున యార్డు వదిలేసి ఆఫీసులో ఏం పనంట ఆయనకి?"

ఈలోపు ఇంకో జత దొరికింది, ఆ పైన ఇంకోటి. నేను మధ్యలోకి దూరి చెప్పడానికి చూశాను. నిన్న సర్వర్లు మార్చామని, అడాప్టర్లు తారుమారయ్యాయని, మెషీన్‌ది తప్పని.

"ఎవరయ్యా ఆ అడాప్టరు? పిలువు" అన్నాడు తెల్లగడ్డం. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ పొద్దున అందరూ కలిసి నవ్వింది అప్పుడొక్కసారే.

బాబాయ్ ఆఫీసు వైపు నుంచి నడిచొచ్చాడు. చొక్కా జేబులో పెన్ను, చేతిలో జిరాక్సు కాగితాల కవరు. దారిచ్చారు. ఇద్దరు డ్రైవర్లూ టోకెన్లు ఆయన చేతిలో పెట్టారు. రెండిటినీ వెలుతురుకి పట్టి చూశాడు. తిప్పి చూశాడు.

"రెండూ నా మెషీన్‌వే" అన్నాడు.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఒకటి దొంగదని అనుంటే, ఇంకొకడి మీదికి పోయేది గొడవ. ఆయనకి అబద్ధం ఆడే అలవాటు లేదు. అందరూ విన్నారు: ఒకే నంబరు, రెండు టోకెన్లు, రెండూ ఈయన దగ్గర నుంచి వచ్చినవే.

ఎవరో యార్డు గదిలోకి దూరారు. గోడ మీద అంటించిన చిరుగుటోకెన్లు పీకి, గుప్పెట్లో తీసుకొచ్చి ఆయన ముందు పోశారు. "ఇయ్యన్నీ ఏంటి మరి? ఇయ్యెవరికిచ్చావ్? చించి దాచుకున్నావా?"

ఎవరూ అడగకముందే చూపించడానికి ఇన్నేళ్ళూ ఆయన అంటించుకున్న గోడ అది. దాన్నే ఇప్పుడు ఆయన ముందు సాక్ష్యంగా పోశారు. కాగితం ముక్కలు గాలికి లేచి సిమెంటు దుమ్ములో కలిశాయి. ఆయన వంగి వాటిని ఏరడం మొదలుపెట్టాడు. నేను కూడా వంగబోయాను. "నువ్వెళ్ళి నీ మెషీన్ చూసుకో నాయనా" అన్నాడు, తల ఎత్తకుండానే.

వెళ్ళాను. ఆ రెండు తలుపుల వరస మార్చాను. యార్డు తలుపు అవతల టోకెన్ మెషీన్ పలికింది. లెక్కలు కొత్తగా తీసి పరీక్ష మళ్ళీ నడిపితే పచ్చగానే వచ్చింది. తెర మీద నిన్నటి పచ్చకీ ఇవాళ్టి పచ్చకీ రంగులో తేడా లేదు.

సర్వర్ సరిగ్గా పలికినా, చేతుల్లోకి వెళ్ళిపోయిన నంబర్లు వెనక్కి రావు. లారీల వరస హైవే దాకా పాకింది. సంఘం లోడింగు ఆపేసింది. మేనేజర్ హైదరాబాద్ ప్రయాణం మానుకున్నాడు. మేడమ్, నేను ఆయన గదిలో నిలబడ్డాం. నేను కాగితం మీద మూడు తలుపులూ గీసి, ఏది ఎటు పోయిందో బాణాలు పెట్టి చూపించాను. శ్రద్ధగానే చూశాడు.

"అర్థమైంది" అన్నాడు. "సాయిబు తప్పేం లేదు. నాకు ముందే తెలుసు, ఆయన అలాంటివాడు కాదు."

నాకు ఊపిరి వచ్చింది. అది ఒక్క నిమిషమే.

"కానీ నేను సంఘానికి ఏం చెప్పాలయ్యా? ఈ బొమ్మ చూపించనా? వాళ్ళకి ఒక మనిషి కావాలి. మనిషిని చూపిస్తే సాయంత్రానికి బళ్ళు కదుల్తాయి. నీ అడాప్టర్లు చూపిస్తే రేపు కూడా కదలవు."

"నన్ను చూపించండి సార్. స్క్రిప్టు నాది."

మేనేజర్ మేడమ్ వైపు చూశాడు. మేడమ్ నా వైపు చూడకుండా చెప్పింది: "వీణ్ణి చూపిస్తే నమ్మరు సార్. వీడి మొహం వాళ్ళెప్పుడూ చూడలేదు. సీరియల్ అంటే వాళ్ళకి ఆయనే." అని, మళ్ళీ తనే, "నేను చెప్పింది సలహా కాదు సార్. ఉన్నమాట" అంది.

బల్ల మీద బాబాయ్ ఫైలు ఉంది. ఆయన సంతకాలు ఆ పొద్దున్నే పెట్టినవి. మేనేజర్ సంతకం పెట్టాల్సిన చోటు ఖాళీగా ఉంది. మేనేజర్ ఫైలు మూసి సొరుగులో పెట్టాడు. కాంట్రాక్టర్‌కి ఫోన్ చేశాడు. సాయంత్రానికి లారీలు కదిలాయి.

బాబాయ్ ఫ్లాస్కు సర్వర్ గదిలో ఉండిపోయింది. మర్నాడు దానికోసం వచ్చాడు, గేటు లోపలికి రావడానికి విజిటర్ చీటీ రాయించుకుని. స్టూలు మీద కూర్చున్నాడు.

"నీ మెషీన్లన్నీ బాగున్నాయా?"

"బాగున్నాయి బాబాయ్."

నేను మళ్ళీ కాగితం తీసి, మేనేజర్‌కి గీసిన బొమ్మే గీశాను. ఓపిగ్గా విన్నాడు. వేలితో రెండో తలుపు నుంచి మూడో తలుపుకి గీత వెంట వెళ్ళి చూశాడు.

"అర్థమైంది నాయనా. నాకర్థమైతే ఏం లాభం."

ఫ్లాస్కు అందుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు. ఏసీ చప్పుడు చేస్తోంది.

"ఒక్కటి చెప్పు. అమావాస్య నాడు నువ్వడిగావే. అప్పుడు స్విచ్ వేసుంటే తెలిసేదా ఇది?"

అబద్ధం చెబుదామనుకున్నాను. రెండు టోకెన్లూ నా మెషీన్‌వే అన్న మనిషి ముందు నోరు రాలేదు.

"తెలిసేది బాబాయ్. పాత నంబరు దిగేది. నువ్వు చూడగానే పట్టేసేవాడివి."

"ఒక్క నంబరు పోయేది."

"ఒక్కటే."

తలూపాడు. ఫ్లాస్కు మూత తిప్పి గట్టిగా ఉందో లేదో చూసుకున్నాడు. చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నేను హెడ్డాఫీసుకి పొడుగాటి మెయిల్ రాశాను, బొమ్మలతో సహా. ఆయన పేరు మీద మచ్చ తీసేయమని, సంఘానికి రాతపూర్వకంగా చెప్పమని. 'కారణం గమనించాం, ధన్యవాదాలు' అని లీడ్ జవాబిచ్చాడు. తరవాతి ఫ్యాక్టరీల కోసం నా స్క్రిప్టులో ఒక మార్పు చేయమన్నాడు, చేశాను. ఇప్పుడు సున్నాకి సున్నా వస్తే ఎర్ర వరస వస్తుంది. ఆ మార్పు బాగా పనిచేస్తోందని తరవాత విన్నాను. మేడమ్ బదిలీ అడిగి తీసుకుంది. యార్డు గదికి సున్నం వేశారు. కొత్తగా వచ్చిన కుర్రవాడు పొద్దున్నే తాళం తీస్తూనే స్విచ్ వేసేస్తాడు, దిగిన టోకెన్ ఉండచుట్టి పారేస్తాడు. ఎవరూ అడగరు. నేను అక్కడ ఇంకొన్నాళ్ళు చేసి మానేశాను.

బాబాయ్‌ని జగ్గయ్యపేటలో రెండుసార్లు చూశాను. మొదటిసారి మాట్లాడాడు, ఇంటికి రమ్మన్నాడు, నేను వెళ్ళలేదు. రెండోసారి ఒక ఫంక్షన్ హాలు బయట బళ్ళు సర్దుతూ కనిపించాడు, చేతిలో విజిలుతో. వచ్చినవాళ్ళకి పార్కింగు చీటీలు ఇవ్వడం ఆ హాలు పద్ధతి. ఆయన చీటీలివ్వట్లేదు. చేత్తో చూపించి పంపిస్తున్నాడు. నేను బస్సులో ఉన్నాను, దిగలేదు.

పిల్లలూ, దీన్ని చదివి మీరీ తప్పు చేయరని అనుకోవచ్చు. చేయరు. స్క్రిప్టులో ఆ వరస ఇప్పుడు ఉంది. మీరు వేరేది చేస్తారు, అది కూడా తెర మీద పచ్చగానే కనిపిస్తుంది. దాని పక్కన ఎవరో ఒక పెద్దమనిషి స్టూలు వేసుక్కూర్చుని ఉంటాడు. ఇంతకంటే నేర్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

మార్పిడి పూర్తయ్యాక హెడ్డాఫీసు అన్ని ఫ్యాక్టరీలకీ కలిపి ముగింపు నివేదిక పంపింది. అందులో మాకు ఒక వరస ఇచ్చారు. తరలించాల్సిన మెషీన్లు నలభై ఒకటి. తరలినవి నలభై ఒకటి. విఫలమైనవి సున్నా.